యాక్సెస్ తీసేశామని యాప్ చెబితే నమ్మేయాలా? ఒకసారి స్టాప్‌వాచ్ పెట్టి చూడండి

ఏ కొత్త ఫోన్ రివ్యూ అయినా తీసుకోండి. ఫింగర్‌ప్రింట్ పెడితే ఎంత ఫాస్ట్‌గా అన్‌లాక్ అవుతోంది, కెమెరా యాప్ ఎన్ని సెకన్లలో ఓపెన్ అవుతోంది అని స్టాప్‌వాచ్ పెట్టి మరీ చూస్తాం. స్మార్ట్ లాక్ అయితే తలుపు ఎంత త్వరగా తెరుచుకుంటోందో చూస్తాం. అంటే మనిషిని లోపలికి రానివ్వడం ఎంత స్పీడో కొలుస్తున్నాం. బాగుంది. మరి బయటికి పంపడం ఎంత స్పీడో ఎప్పుడైనా కొలిచామా? ఒకరికి ఇచ్చిన యాక్సెస్ తీసేశాక, అది నిజంగా పోవడానికి ఎంతసేపు పడుతోందో చెప్పిన రివ్యూ నాకైతే ఇంతవరకు కనపడలేదు. ఇకనుంచి అది కూడా కొలవాల్సిందే అనేది నా వాదన. ఎందుకో చెప్తా.

పిన్ని వాళ్ళింటి కెమెరా

పోయిన వేసవిలో విజయవాడలో మా పిన్ని వాళ్ళింట్లో ఒక వైఫై కెమెరా పెట్టా. బడ్జెట్ కెమెరానే, హాల్లో టీవీ పైన బిగించాం. పిన్నీ బాబాయీ వారం రోజులు తిరుపతి, కంచి వెళ్తుంటే, ఇంటి మీద ఒక కన్నేసి ఉంచమని ఎదురింటి కుర్రాడికి యాప్‌లో షేరింగ్ ఇచ్చాం. ఇంటర్ చదువుతున్నాడు, మంచి పిల్లాడు. వాళ్ళు తిరిగొచ్చిన రోజు సాయంత్రం నేనే పిన్ని ఫోన్ తీసుకుని, ఆ కుర్రాడి పేరు మీద రిమూవ్ కొట్టా. పచ్చ టిక్కు వచ్చింది. యాక్సెస్ తొలగించామని కింద మెసేజ్ కూడా వచ్చింది. అయిపోయిందనుకున్నా.

పావుగంట తర్వాత ఆ కుర్రాడే తాళాలు ఇచ్చి వెళ్దామని వచ్చాడు. "అన్నా, నాకింకా కనపడతానే ఉంది, చూడు" అంటూ ఫోన్ చూపించాడు. స్క్రీన్ మీద మా పిన్ని సోఫాలో కూర్చుని కాళ్ళు నొక్కుకుంటోంది. ఆవిడ ఒకసారి ఆ ఫోన్ వైపు, ఒకసారి కెమెరా వైపు చూసి, "ఒరేయ్, తీసేశానన్నావు కదరా!" అని లేచి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

మర్నాడు కెమెరాని గోడ వైపు తిప్పి, నా దగ్గరున్న రెండో ఫోన్‌తో మళ్ళీ అదే పని చేసి చూశా. షేరింగ్ ఇచ్చా, లైవ్ ఓపెన్ చేశా, షేరింగ్ తీసేసి స్టాప్‌వాచ్ నొక్కా. లైవ్ ఆగలేదు. యాప్ మూసి మళ్ళీ తెరిచా, అయినా వచ్చింది. చివరికి 52 నిమిషాల తర్వాత "మీకు అనుమతి లేదు" అని చూపించింది. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీకి పట్టిన జబ్బు కాదు. ఇదే తప్పు నా ఆఫీసులో నేనూ చేశాను. ఆ సంగతి కాస్త ఆగి చెప్తా.

ఆ 52 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

మీరు యాప్‌లో ఏ చిన్న పని చేసినా, వెనకాల సర్వర్‌లో ఒక ప్రశ్న నడుస్తుంది. ఈ మనిషికి, ఈ వస్తువు మీద, ఈ పని చేసే అనుమతి ఉందా? జవాబు అవును, లేదా కాదు. ఈ జవాబు వెతకాలంటే డేటాబేస్‌లో యూజర్ ఎవరు, ఏ గ్రూప్‌లో ఉన్నాడు, ఆ గ్రూప్‌కి ఏ హక్కులున్నాయి, ఓనర్ ఎవరితో షేర్ చేశాడు, ఇవన్నీ చూడాలి. ప్రతిసారీ అంత వెతుకులాట ఎందుకని, ఒకసారి వచ్చిన జవాబుని పక్కన రాసి పెట్టుకుంటారు. మళ్ళీ అదే ప్రశ్న వస్తే రాసుకున్న జవాబే ఇచ్చేస్తారు. దీన్నే క్యాచీ అంటాం. సరైన పలుకుబడి క్యాష్ అట, కానీ ఫోన్ స్లో అయినప్పుడల్లా "క్యాచీ క్లియర్ చెయ్యి" అనే కదా మనం అంటాం, అదే వాడుకుందాం.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ని గుర్తు తెచ్చుకోండి. కొత్తగా పనిమనిషి వస్తే మొదటి రోజు ఇంటర్‌కమ్‌లో ఫ్లాట్‌కి ఫోన్ చేసి అడుగుతాడు. రెండో రోజు నుంచి ముఖం చూసి పంపించేస్తాడు. మీరు ఆమెని మానిపించి, ఆ సంగతి అసోసియేషన్ ఆఫీసులో చెప్పారనుకోండి. రిజిస్టర్‌లో పేరు కొట్టేశారు. గేటు దగ్గరున్న వాచ్‌మన్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. మర్నాడు కూడా అతను నమస్తే పెట్టి గేటు తీస్తాడు. తప్పు వాచ్‌మన్ది కాదు, అతని జ్ఞాపకానికి కబురు పంపని మనది.

పిన్ని వాళ్ళ కెమెరా యాప్ చేసింది కూడా ఇలాంటిదే అయ్యుండాలి. డేటాబేస్‌లో పేరు కొట్టేసింది. ఆ వెంటనే పచ్చ టిక్కు చూపించింది. వీడియో పంపే సర్వర్ దగ్గర మాత్రం పాత "అవును" అలాగే ఉంది. దాని గడువు తీరేదాకా ఆ కుర్రాడికి ఇల్లు కనపడుతూనే ఉంది.

చాలా యాప్‌లలో ఈ పాత "అవును" సర్వర్‌లో కూడా ఉండదు, మీ ఫోన్‌లోనే ఉంటుంది. లాగిన్ అయ్యాక మనకిచ్చే టోకెన్ అదే. జేడబ్ల్యూటీ అనే టోకెన్ పద్ధతికి 2015లో స్టాండర్డ్ వచ్చింది. అందులో మీరెవరు, మీకేం అనుమతులున్నాయి, ఎప్పటిదాకా చెల్లుతుంది అని రాసి సర్వర్ సంతకం పెడుతుంది. తర్వాత ఎవరైనా ఆ సంతకం చూసి లోపలికి పంపేయొచ్చు, డేటాబేస్‌ని అడగక్కర్లేదు. సింపుల్‌గా చెప్పాలంటే సినిమా టికెట్టు లాంటిది. బుకింగ్ కౌంటర్‌లో మీ పేరు కొట్టేసినా, చేతిలో టికెట్టు ఉన్నంతసేపు గేటు దగ్గర ఎవరూ ఆపరు.

అలాగని క్యాచీ వద్దనలేం

ఇక్కడ కొంతమంది, "అయితే ప్రతిసారీ డేటాబేస్‌నే అడగొచ్చుగా, ఈ గొడవంతా ఎందుకు?" అంటారు. ఆ మాట అనడం తేలికే. 200 ఫోటోలున్న ఆల్బమ్ తెరిచారనుకోండి. ఒక్కో ఫోటోకి అనుమతి చూడటానికి 20 మిల్లీసెకన్లు పట్టినా, ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోతే 4 సెకన్లు. 4 సెకన్లు తెల్ల స్క్రీన్ చూపిస్తే మనమే కదా ప్లేస్టోర్‌లో ఒక్క స్టార్ ఇచ్చి "చెత్త యాప్" అని రాసేది?

గూగుల్ తన అనుమతుల వ్యవస్థ జాంజిబార్ గురించి 2019లో ఒక పేపర్ ప్రచురించింది. డ్రైవ్, ఫోటోస్, క్యాలెండర్, యూట్యూబ్ లాంటి సర్వీసులన్నీ దాన్నే అడుగుతాయి. లక్షల కోట్లలో అనుమతి రికార్డులు, సెకనుకి లక్షల్లో ప్రశ్నలు. 95 శాతం జవాబులు 10 మిల్లీసెకన్ల లోపే వస్తాయని అందులో రాశారు. క్యాచీ లేకుండా అది అయ్యే పని కాదు. కాబట్టి క్యాచీ ఉండాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. రాసిపెట్టుకున్న జవాబు పాతదైపోయిందని దానికి ఎవరు చెప్తారు, ఎంతసేపట్లో చెప్తారు? ప్రశ్నల్లా ఇదే.

ఆ పేపర్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. మీరు ఒక ఫోల్డర్ నుంచి ఒకతన్ని తీసేశారు. ఆ తర్వాత అదే ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పెట్టారు. అతన్ని తీసేశాక పెట్టిన ఫైల్ కాబట్టి అతనికి కనపడకూడదు. కానీ సిస్టమ్ పాత అనుమతుల లిస్టు పట్టుకుని కొత్త ఫైల్‌ని చూస్తే, అతనికి కనపడిపోతుంది. దీనికి వాళ్ళు పెట్టిన పేరుని తెలుగులో చెప్తే "కొత్త శత్రువు" సమస్య. పరిష్కారంగా, ఫైల్ మారినప్పుడు ఒక గుర్తు ఇస్తారు. అనుమతి అడిగేటప్పుడు ఆ గుర్తు కూడా చూపిస్తే, కనీసం అంత తాజా లిస్టు చూసే జవాబు వస్తుంది. పాత జవాబులు వాడుకుంటారు, కానీ ఎంత పాతది వాడొచ్చో దానికి ఒక హద్దుంది. అదీ పద్ధతంటే.

నా తప్పు నేను చెప్పుకోవాలి కదా

బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. చిన్న షాపుల వాళ్ళు వాడే బిల్లింగ్ యాప్ మా టీమ్‌ది. ఓనర్ తన దగ్గర పనిచేసేవాళ్ళని యాప్‌లో కలుపుకోవచ్చు, తీసేయొచ్చు. యాప్ స్లోగా ఉందని కంప్లయింట్లు వస్తుంటే, పేజీ తెరిచినప్పుడల్లా అనుమతులు చూసే క్వెరీ వల్లే ఆలస్యమని కనిపెట్టా. ఆ జవాబుల్ని క్యాచీలో పెట్టి, గడువు 30 నిమిషాలు ఇచ్చా. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందని అడక్కండి. నాకు నచ్చిన నంబర్, అంతే. యాప్ జెట్‌లా అయ్యింది. మర్నాడు స్టాండప్‌లో మేనేజర్ మెచ్చుకున్నాడు కూడా.

కొన్ని వారాల తర్వాత సపోర్ట్ టీమ్‌కి ఒక షాపు ఓనర్ ఫోన్ చేశాడు. గొడవపడి వెళ్ళిపోయిన కుర్రాడిని యాప్‌లో తీసేశాడట. ఆ తర్వాత 11 నిమిషాలకి ఆ కుర్రాడు కస్టమర్ల ఫోన్ నంబర్ల లిస్టు మొత్తం డౌన్‌లోడ్ చేసుకున్నాడు. లాగ్స్‌లో టైమ్‌తో సహా ఉంది. సపోర్ట్ కాల్‌లో ఆయన అన్న ఒక్క మాట ఇప్పటికీ మర్చిపోలేదు. "తీసేశామని మీ యాపే చెప్పింది కదండీ. చెప్పకపోయుంటే నేనే ఆ ఫోన్ లాక్కునేవాడిని."

ఆలోచిస్తే ఆయన మాటే కరెక్ట్. ఆలస్యం కన్నా మా అబద్ధమే ఎక్కువ నష్టం చేసింది. "తీసేస్తున్నాం, అరగంట పట్టొచ్చు" అని స్క్రీన్ మీద రాసుంటే ఆయన జాగ్రత్త ఆయన పడేవాడు. మేం పచ్చ టిక్కు చూపించి ఆయన్ని నిశ్చింతగా కూర్చోబెట్టాం.

అది సరిచేయడానికి మొత్తం కోడ్ విప్పితే ఇంకో బొమ్మ బయటపడింది. జవాబు రాసి పెట్టేటప్పుడు "ఎవరు" అన్నది మాత్రమే గుర్తుగా పెట్టా, "ఏ షాపులో" అన్నది పెట్టలేదు. ఒకే మనిషి రెండు షాపుల్లో పనిచేస్తుంటే, ఒక షాపులో వచ్చిన "అవును" రెండో షాపులో కూడా చెల్లిపోతుంది. అదృష్టం బాగుండి అలాంటివాళ్ళు అప్పటికి ఎవరూ లేరు.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదని తర్వాత తెలిసింది. అమెజాన్ ఏపీఐ గేట్‌వేలో లాంబ్డా ఆథరైజర్ వాడితే, అది ఇచ్చిన అనుమతి డీఫాల్ట్‌గా 300 సెకన్లు క్యాచీలో ఉంటుంది, 3600 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. టోకెన్ ఒక్కటే గుర్తుగా పెట్టుకుంటే, ఒక అడ్రస్ కోసం ఇచ్చిన జవాబు వేరే అడ్రస్‌కి కూడా వాడేస్తుంది. ఈ సంగతి తెలియక తలపట్టుకునే డెవలపర్లు చాలామంది. రూల్ చిన్నదే. ప్రశ్నలో ఎన్ని భాగాలున్నాయో, రాసిపెట్టుకునే గుర్తులో కూడా అన్ని భాగాలుండాలి. ఎవరు, దేని మీద, ఏ పని. ఒక్కటి వదిలేసినా ఎవరి తాళమో ఇంకెవరి తలుపుకో పడుతుంది.

మన ఫోన్ ఈ పని ఎప్పుడో నేర్చుకుంది

ఇదంతా చదివి, ఇది చేతగాని పనేమో అనుకోకండి. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ రోజూ చేస్తున్న పనే ఇది.

ఒక యాప్‌కి ఇచ్చిన కెమెరా పర్మిషన్‌ని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసేయండి. మళ్ళీ ఆ యాప్‌కి వస్తే అది మొదటి నుంచి స్టార్ట్ అవుతుంది, గమనించారా? అది బగ్ కాదు. పర్మిషన్ తీసేయగానే ఆండ్రాయిడ్ ఆ యాప్ ప్రాసెస్‌నే ఆపేస్తుంది. పాత "అవును"ని ఆ యాప్ ఎక్కడ దాచుకున్నా, దాంతోపాటే పోతుంది. పర్మిషన్ కొత్తగా ఇచ్చినప్పుడు మాత్రం యాప్‌ని ఆపదు. ఇవ్వడంలో కాస్త ఆలస్యమైనా చిరాకే, ప్రమాదం కాదు. తీసేయడంలో ఆలస్యమైతే ప్రమాదం. ఆ తేడా దానికి తెలుసు.

ఆండ్రాయిడ్ 11 నుంచి ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పర్మిషన్ జవాబుల్ని ఒక్కో ప్రాసెస్ తన దగ్గరే రాసుకుంటుంది. దాంతోపాటు ఒక నంబర్ కూడా గుర్తుపెట్టుకుంటుంది. ఆ నంబర్ సిస్టమ్‌లో అందరూ చదవగలిగే చోట ఉంటుంది. అనుమతుల్లో ఏదైనా మారితే సిస్టమ్ ఆ నంబర్ మార్చేస్తుంది. ప్రాసెస్ తన జవాబు వాడుకునే ముందు ఆ నంబర్ చూస్తుంది. తన దగ్గరున్నదే అయితే సరే, మారితే పాత జవాబులన్నీ పారేసి కొత్తగా అడుగుతుంది. ఒక్కో యాప్‌కి విడివిడిగా కబురు పంపే పని లేదు. ఒక్క నంబర్ మారిస్తే అందరికీ తెలిసిపోతుంది.

కస్టమ్ రామ్‌లు ఫ్లాష్ చేసే వాళ్ళకి లాగ్స్‌లో ఏవీసీ డినైడ్ అనే లైన్లు బాగా పరిచయం. ఆ ఏవీసీ అంటే యాక్సెస్ వెక్టర్ క్యాష్. పేరులోనే ఉంది చూడండి. ఎస్ఈలినక్స్ అనే రక్షణ వ్యవస్థ ఆండ్రాయిడ్ 4.3లో వచ్చింది, 5.0 నుంచి పూర్తిగా అమలవుతోంది. ఏ ప్రాసెస్ ఏ ఫైల్‌ని ముట్టుకోవచ్చో కెర్నెల్ ఒకసారి లెక్క వేసి, ఆ నిర్ణయాన్ని ఈ క్యాచీలో పెట్టుకుంటుంది. పాలసీ కొత్తది లోడ్ అయితే ఆ క్యాచీ మొత్తం ఖాళీ చేసేస్తుంది. మధ్యేమార్గం ఏమీ లేదు. రూల్స్ మారాయా, పాత జవాబులు ఒక్కటి కూడా చెల్లవు.

ఫోన్ లోపల ఇంత శ్రద్ధ ఉన్నప్పుడు, అదే ఫోన్‌లో నడిచే యాప్ తన సర్వర్‌లో 52 నిమిషాల పాత జవాబు వాడితే ఎలా?

"కాదు" అన్న జవాబు కూడా పాతబడుతుంది

ఇప్పటిదాకా పాత "అవును" గురించి మాట్లాడాం. పాత "కాదు" కూడా ఏడిపిస్తుంది. ప్రీమియం ప్లాన్ డబ్బులు కట్టారు, యూపీఐలో కట్ అయ్యాయి, యాప్ మాత్రం ఇంకా ప్రీమియం కొనమని అడుగుతూనే ఉంటుంది. లాగౌట్ అయ్యి లాగిన్ అయితే సరైపోతుంది. మీకూ అయ్యే ఉంటుంది. అది క్యాచీలో మిగిలిపోయిన "కాదు".

దీనికి మన రోడ్ల మీదే మంచి ఉదాహరణ ఉంది, ఫాస్టాగ్. 2025 జనవరి 28న ఎన్‌పీసీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. టోల్ దగ్గర ట్యాగ్ చదవడానికి ముందు 60 నిమిషాలకు పైగా, చదివిన తర్వాత 10 నిమిషాల దాకా బ్లాక్‌లిస్టులో ఉంటే ఆ ట్రాన్సాక్షన్ చెల్లదని, ఫిబ్రవరి 17 నుంచి అమలని అందులో ఉంది. అందరూ కంగారుపడ్డారు. అప్పుడు ఎన్‌హెచ్ఏఐ వివరణ ఇచ్చింది. ఇది బ్యాంకుల మధ్య లెక్కల కోసమని, నేషనల్ హైవే ప్లాజాలన్నీ ఐసీడీ 2.5 ప్రోటోకాల్ మీద నడుస్తున్నాయి కాబట్టి ట్యాగ్ స్టేటస్ అప్పటికప్పుడు తెలుస్తుందని, టోల్‌కి ముందు ఎప్పుడైనా రీఛార్జ్ చేసుకోవచ్చని చెప్పింది. కొన్ని స్టేట్ హైవే ప్లాజాలు మాత్రం ఇంకా పాత 2.4 మీద ఉన్నాయని, అక్కడ ట్యాగ్ స్టేటస్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాల్సి ఉంటుందని కూడా చెప్పింది.

ఇప్పుడు ఈ రెండింటి తేడా మీకు అర్థమైపోయి ఉంటుంది. 2.4 అంటే గేటు దగ్గర రాసిపెట్టుకున్న లిస్టు. మీరిప్పుడే రీఛార్జ్ చేసినా, మళ్ళీ లిస్టు వచ్చేదాకా గేటు దృష్టిలో మీరు బ్లాక్‌లిస్టే. 2.5 అంటే అప్పటికప్పుడు అడిగి తెలుసుకోవడం. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఉన్న క్యూ గుర్తు చేసుకుంటే, అంత రద్దీ ఉన్నచోట కూడా అప్పటికప్పుడు అడగడం కుదురుతోందంటే, మన కెమెరా యాప్‌కి ఎందుకు కుదరదు?

గడువు ఒక్కటే పెడితే చాలదు

చాలామంది డెవలపర్లు నాలాగే ఒక గడువు పెట్టి వదిలేస్తారు. ఎంత పెట్టాలి అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. కుబర్నెటిస్‌ని చూడండి. బయటి సర్వీస్‌ని అడిగి అనుమతి నిర్ణయించే పద్ధతిలో, "అవును" అనే జవాబుని డీఫాల్ట్‌గా 5 నిమిషాలు, "కాదు" అనే జవాబుని 30 సెకన్లు ఉంచుకుంటుంది. రెండింటికీ వేరే గడువు ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ డీఫాల్ట్ 5 నిమిషాలని తెలియకుండా వాడేవాళ్ళకి, తీసేసిన మనిషి 5 నిమిషాలు లోపలే తిరుగుతాడు.

మైక్రోసాఫ్ట్‌ది ఇంకో దారి. ఎంట్రాలో మామూలు యాక్సెస్ టోకెన్ సుమారు గంట చెల్లుతుంది. ఆ గంట ఎక్కువని, అకౌంట్ డిసేబుల్ చేయడం, పాస్‌వర్డ్ మార్చడం లాంటివి జరిగితే వెంటనే సర్వీసులకి కబురు పంపే ఏర్పాటు చేశారు. దాని పేరు కంటిన్యువస్ యాక్సెస్ ఎవాల్యుయేషన్. అంత చేసినా, ఆ కబురు అందడానికి 15 నిమిషాల దాకా పట్టొచ్చని వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. ఆ 15 నిమిషాలు నాకు నచ్చాయని కాదు. రాశారు చూడండి, అది నచ్చింది. ఎంత ఆలస్యమో ముందే తెలిస్తే దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోవచ్చు.

మా బిల్లింగ్ యాప్‌లో చివరికి మేం చేసింది ఇది. గడువుని 30 నిమిషాల నుంచి 60 సెకన్లకి తగ్గించాం. ఓనర్ ఎవరినైనా తీసేస్తే, ఆ మనిషికి సంబంధించిన జవాబులన్నీ అప్పుడే చెరిపేసేలా రాశాం. ఆ చెరిపేయడం పూర్తయ్యాకే పచ్చ టిక్కు. డౌన్‌లోడ్, డిలీట్, డబ్బు వాపస్ లాంటి పెద్ద పనులకి క్యాచీని అసలు నమ్మం, ప్రతిసారీ డేటాబేస్‌నే అడుగుతాం. రోజంతా చూసే బిల్లు పేజీలకి క్యాచీ, నెలకోసారి చేసే డౌన్‌లోడ్‌కి తాజా జవాబు. డౌన్‌లోడ్ అర సెకను ఆలస్యమైందని ఇంతవరకు ఒక్కరు కూడా ఫోన్ చేయలేదు.

ఎవరికి నష్టం?

"అరగంట ఆలస్యమైతే కొంపలు మునుగుతాయా?" అని నా ఫ్రెండే అడిగాడు. ఎక్కువసార్లు మునగవు. ఎదురింటి కుర్రాడు మంచోడు కాబట్టి మాకు చెప్పాడు. కానీ మనం ఒకరి యాక్సెస్ తీసేసేది ఎప్పుడో ఒక్కసారి ఆలోచించండి. గొడవ అయినప్పుడు. ఉద్యోగంలోంచి పంపేసినప్పుడు. భర్త దగ్గర్నుంచి వచ్చేసి, తానెక్కడుందో అతనికి తెలియకూడదని లొకేషన్ షేరింగ్ ఆపేసినప్పుడు. ఫోన్ పోగొట్టుకుని, ఇంకో ఫోన్ నుంచి లాగౌట్ కొట్టినప్పుడు. పాత కెమెరాని ఎవరికో అమ్మేసినప్పుడు. ఇవన్నీ మనిషి భయంలోనో కోపంలోనో ఉన్న సమయాలు. ఎదుటివాడు ఏదైనా చేయాలనుకుంటే చేసేది కూడా ఆ మొదటి అరగంటలోనే. అంటే క్యాచీ పాతదిగా ఉండే సమయం, అవసరం ఎక్కువగా ఉండే సమయం రెండూ ఒకటే. అందుకే సగటు లెక్కలు చూపించి ఇది చిన్న విషయం అంటే నేను ఒప్పుకోను.

2021లో ఓవాస్ప్ సంస్థ ఇచ్చిన వెబ్ యాప్‌ల టాప్ 10 ప్రమాదాల లిస్టులో అనుమతుల లోపాలే మొదటి స్థానంలో ఉన్నాయి. అందులో అన్నీ క్యాచీ వల్ల వచ్చినవి కావు. కానీ అనుమతుల విషయంలో మన పరిశ్రమ ఎంత నిర్లక్ష్యంగా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

నేనడిగేది నాలుగే

ఒకటి, పచ్చ టిక్కు అబద్ధం చెప్పకూడదు. పని పూర్తయితేనే చూపించాలి. ఆలస్యమవుతుంటే "ఇంకో 5 నిమిషాలు పట్టొచ్చు" అని నిజం రాయాలి.

రెండు, లైవ్ వీడియో, తాళం, లొకేషన్, డబ్బు, డౌన్‌లోడ్. ఈ ఐదింటికి పాత జవాబు వాడకూడదు. మిగతా వాటికి ఎంతైనా క్యాచీ పెట్టుకోండి.

మూడు, అనుమతుల సర్వర్ పడిపోతే ఏం చేస్తారో ముందే తేల్చుకోవాలి. బిల్లు చూడటానికి పాత "అవును" వాడినా పర్లేదు, కొత్తగా కెమెరా తెరవడానికి మాత్రం వాడకూడదు. స్మార్ట్ లాక్ అయితే ఇంట్లో ఉన్నవాళ్ళు బయటికి రావడానికి ఏ సర్వర్‌నీ అడగక్కర్లేకుండా ఉండాలి.

నాలుగు, రివ్యూ రాసే మనం కూడా మారాలి. బ్యాటరీ, కెమెరా, స్పీడ్ పక్కన "యాక్సెస్ తీసేయడానికి పట్టే సమయం" అని ఇంకో లైన్ చేరాలి. కంపెనీలు మనం కొలిచే వాటినే బాగుచేస్తాయి.

మీ ఇంట్లో పది నిమిషాల టెస్ట్

ఇంట్లో షేరింగ్ ఉన్న కెమెరా, లాక్, ఫోటో ఆల్బమ్, ఏదైనా సరే తీసుకోండి. రెండు ఫోన్లు కావాలి. రెండో ఫోన్‌కి షేరింగ్ ఇచ్చి ఓపెన్ చేసి ఉంచండి. మొదటి ఫోన్‌లో తీసేసి స్టాప్‌వాచ్ నొక్కండి. రెండో ఫోన్‌లో మూడు విషయాలు చూడండి. ఓపెన్ అయి ఉన్నది ఎంతసేపట్లో ఆగింది? యాప్ మూసి తెరిస్తే వచ్చిందా? ముందే వచ్చిన నోటిఫికేషన్ మీద నొక్కితే తెరుచుకుందా? మూడోది చాలామంది మర్చిపోతారు.

నిమిషం లోపల ఆగితే ఆ యాప్ రాసినవాళ్ళు శ్రద్ధగా రాసినట్టు. పది నిమిషాల తర్వాత కూడా నడుస్తుంటే కంపెనీకి టైమ్‌తో సహా మెయిల్ పెట్టండి. ఈలోపు ఎవరినైనా నిజంగానే తీసేయాల్సి వస్తే, యాప్ మాట నమ్మి ఊరుకోకండి. పాస్‌వర్డ్ మార్చి, "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" ఉంటే అది కొట్టి, కెమెరా అయితే కాసేపు ప్లగ్గు తీసేయండి.

మా పిన్నికి క్యాచీ అంటే ఏంటో తెలీదు, టోకెన్ అంటే ఏంటో తెలీదు. కానీ ఆ రోజు ఆవిడ చేసిన పనే అన్నిటికన్నా ఫాస్ట్‌గా పనిచేసింది. ఇప్పుడు ఆ కెమెరా మీద ఒక చేతిరుమాలు కప్పి ఉంటుంది. ఊరెళ్ళినప్పుడు మాత్రం తీస్తుంది. మేం రాసే సాఫ్ట్‌వేర్ మీద ఆవిడకి నమ్మకం కలిగి ఆ రుమాలు తీసేదాకా, ఈ విషయంలో మా పని పూర్తవ్వనట్టే.